గడప దాటని సిస్టం

దుకాణాల బోర్డులు గీసే బాబాయికి కంప్యూటర్ ఆన్ చేసేముందు కీబోర్డు మీద ఉఫ్ అని ఊదడం అలవాటు. మంత్రం వేస్తున్నాడని వీధంతా నవ్వుతుంది. నిన్న ఆ కంప్యూటర్ పెట్టె కాలిపోయింది. డిస్కు మాత్రం బతికింది. రేపు తెరిచే బట్టల కొట్టు బోర్డు డిజైను అందులోనే ఉంది, ఆ డిస్కులోని ఆపరేటింగ్ సిస్టంలో తప్ప తెరుచుకోదు. బావమరిది విడిభాగాలతో ఇంకో పెట్టె కట్టి, డిస్కు తగిలించి, తల గోక్కున్నాడు.

"సిస్టం బాగానే ఉంది బావా. ఈ పెట్టెలో మాత్రం నడవదట, పుట్టింటి గడప దాటనంటోంది."

బాబాయి మీసం కొరుకుతూ ఆ కంప్యూటర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాడు. "సిస్టం డబ్బిచ్చి కొన్నదే కదమ్మా! నాకిష్టమైన పెట్టెలో పెట్టుకుంటే మీకేం?"

"మా పెట్టెలోనే నడుస్తుంది సార్. కొత్తది తీసుకోండి."

"మీ దగ్గర చెప్పులు కొంటే మీ వీధిలోనే నడవాలా?"

అవతలి అమ్మాయి మర్యాద తప్పలేదు.

"ఆ చెప్పులు ఏ మోడల్ సార్?"