మా ఆడబిడ్డను ఓడించినవాళ్లు

మా ఆడబిడ్డ చనిపోయింది. ఫోను మోగితే చాలు, చెడ్డ కబురే అనుకుని వణికే మనిషిని నేను. ఆ పొద్దున మాత్రం వణకలేదు. ముందురోజు సాయంత్రం పాలమూరు దవాఖానలో ఆమె లేచి కూర్చుందనీ, ఇడ్లీ తిని చట్నీ బాగాలేదని నర్సుతో వాదం పెట్టుకుందనీ నా కొడుకు చెప్పాడు. వాదం పెట్టుకుందంటే కోలుకున్నట్టే అనుకున్నాను. అందుకే ఆ ఒక్క ఫోను నిదానంగా ఎత్తాను.

రెండో ఫోను ఆమె పనిచేసిన విశ్వవిద్యాలయం నుంచి. ఆమెను ఇంకా ఇంటికి తేనేలేదు. ఎవరో సారు, "అమ్మా, మేడం ఫోటో ఒకటి పంపుండ్రి, ఫ్లెక్సీకి. నవ్వేటిదయితే మంచిగుంటది" అన్నాడు. వాళ్ల నడుమ కూర్చుని ఆమె నవ్విన ఫోటో నేనెక్కడినుంచి తెచ్చేది? ఫోను పెట్టేశాను.

నేను రాత నేర్చిన మనిషిని కాను. నాలుగో తరగతితో బడి మాని మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నదాన్ని. పత్రికవాళ్లు మీ ఆడబిడ్డ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలే రాద్దామని మొదలుపెట్టాను. కానీ ఆమె గురించి మంచి రాయాలంటే వాళ్ల గురించి చెడ్డ రాయక తప్పడం లేదు. చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు. అనుకున్నా నాకు ఫరవాలేదు.

మాది నల్లగొండ, పాలమూరు జిల్లాలు కలిసే చోట మగ్గాల ఊరు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆమె రెండు జడల పిల్ల. మా ఆయన నేసిన చీరలమీదే చెల్లెలి చదువంతా నడిచింది. మా ఊరి గుట్టల పక్కన విశ్వవిద్యాలయం పెట్టాక అందులో చెట్ల చదువు, అదే వృక్షశాస్త్రం, చెప్పడానికి చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మా వదినెను ఎవలకు అప్పజెప్పి పోవాలె?" అని నా మీద పెట్టేది.

ఆమె ఇంట్లోకి తేని గడ్డి లేదు. ఉత్తరేణి, పల్లేరు, గునుగు, ఏది కనబడితే అది పీక్కొచ్చి పాత పేపర్లలో పరిచి నా బియ్యం డబ్బా కింద పెట్టేది. బియ్యం బరువుకు బాగా అణుగుతాయట. వాటితోపాటు పురుగులొస్తాయని నా భయం. "పురుగొస్తె దాని పేరు గూడ చెప్త తియ్యి" అనేది.

చాలా ఏళ్లు ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఎండాకాలం సెలవులతో ఉద్యోగం పోయేది. కాలేజీ తెరిచాక మళ్లీ ఆర్డరు ఇచ్చేవారు. ఆ కాగితం వచ్చేదాకా ఏటా నాకు బువ్వ సహించేది కాదు. రాదేమో, వేరే ఎవరికో ఇస్తారేమో, ఈమె నోటి దురుసుకు ఎవరికి కోపమొచ్చిందో! రోజంతా ఇట్లా తిరుగుతుంటే నన్ను పట్టి కూర్చోబెట్టేది. "చిన్న భయం ముందు చెప్పు వదినె. పెద్దది ఆఖరుకు." పాలు విరిగిపోతాయేమోనన్న దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఆమె తొందర పెట్టేది కాదు, ఒక్కొక్కటీ వినేది. అన్నీ చెప్పేసరికి పెద్దదేదో నాకే మతికొచ్చేది కాదు. మా ఆయన పోయాక నేను బతికి బట్టకట్టింది అట్లా. నా భయాలను నవ్వకుండా విన్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

తెలంగాణ వచ్చాక, జుట్టు తెల్లబడ్డాక, రెగ్యులర్ అయింది. ఇక నా ప్రాణం సుఖపడుతుందనుకున్నాను. అప్పుడే మొదలుపెట్టింది అసలు లొల్లి.

అప్పటిదాకా అక్కడ అన్నీ పైవాళ్లే తేల్చేవారట. ఎవరు ఏ కమిటీలో ఉండాలి, ఎవరి సేవను మెచ్చుకుని శాలువా కప్పాలి, అన్నీ. వైస్ ఛాన్సలర్ ఇంట్లో శుభకార్యమైతే వడ్డనకు నిలబడినవాళ్లకే ఉత్తమ సేవ. మా ఆడబిడ్డ అన్నది ఏమంటే, పాఠాలు చెప్పేవాళ్లు తమ మండలిని తామే ఎన్నుకోవాలి, తమ సంగతులు తామే తేల్చుకోవాలి, తమలో ఎవరిని గౌరవించాలో కూడా తామే చెప్పాలి. దానికోసం అందరినీ కూడగట్టింది. మీటింగు హాలుకు తాళం వేశారు. తాళంచెవి రిజిస్ట్రార్ దగ్గర, రిజిస్ట్రార్ హైదరాబాదులో. అందుకని మా ఇంట్లో మగ్గం అర్రలో కూర్చునేవారు.

మా ఆయన పోయాక మగ్గం తీసేశాం గానీ కాళ్లు పెట్టుకునే గుంట అట్లాగే ఉంది. పైన చెక్కలు పరిచి చాప వేశాం. వాళ్లలో అందరికన్నా ఎక్కువ సర్వీసు ఉన్న ఒక లావుపాటి సారు ఉన్నాడు. పెద్ద సారు అందాం. ఎప్పుడూ సరిగ్గా ఆ చెక్కల మీదే కూర్చునేవాడు. చెక్క కిర్రుమన్నప్పుడల్లా నా గుండె కిర్రుమనేది. ఛాయ ఇవ్వడానికి వచ్చి, "సారూ, జర పక్కకు జరుగుండ్రి" అని ఎన్నిసార్లు బతిమాలానో. ఇప్పుడనిపిస్తోంది, ఊరుకోవలసింది.

ఆ మీటింగుల్లో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. అందరికన్నా కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దవాళ్లు చివర. "పెద్దోడు ముందుగాల మాట్లాడితె చిన్నోడు మాట్లాడడు వదినె, తలూపుతడు" అని నాకు చెప్పింది. పెద్ద సారు తన వంతు కోసం గంటలు గంటలు కాళ్లు ఊపుతూ కూర్చునేవాడు. ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఈపూట కూర ఏమిటని నా మనవరాలితో మొదలుపెట్టి అందరినీ అడుగుతూ వచ్చేది. నా వంతు వచ్చేసరికి పప్పు ఉడికిపోయేది.

చివరకు సాధించారు. టీచర్లు ఎన్నుకున్న మండలి వచ్చింది. మొదట దానికి ఆమే అధ్యక్షురాలు. ఆ రోజు నేను పాయసం వండి పంపాను. గిన్నె ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

అధికారం చేతికి వచ్చాక వాళ్లు చేసిందేమిటి? ఈ ఏడు శాలువా నీకు, వచ్చే ఏడు నాకు. మీవాళ్లొకరు, మావాళ్లొకరు. చుట్టాలు విస్తర్లు వేసుకున్నట్టు వేసుకున్నారు. "గిందుకా నువ్వు చెప్పులరిగేటట్టు తిరిగింది?" అని నేను దెప్పాను.

"మనల్ని మనం ఏలుకునుడంటె గిదే వదినె. తప్పులు గూడ మనయే. ఇగ ఎవలమీద తోస్తం?" అన్నది.

తరవాత ఆమె మండలి ముందు ఇంకో సంగతి పెట్టింది. సగం పాఠాలు చెప్పేది కాంట్రాక్టు వాళ్లే కదా, వాళ్లకూ మండలిలో ఓటు ఉండాలన్నది. చీటీలు రాసి డబ్బాలో వేశారు. ఓడిపోయింది. మామూలుగా కాదు, చిత్తుగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి రోజూ తినేదానికన్నా ఎక్కువ తిన్నది. మామిడికాయ తొక్కు మళ్లీ మళ్లీ వేసుకుంది. కోపమొస్తే అంతే, తింటుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"నీకెవరేసిండ్రు, ఎవరెయ్యలే?"

"చీటీల మీద పేర్లుంటయా?"

"నా చేతి ఛాయ తాగినోళ్లు గూడ ఎయ్యలేదా పిల్లా?"

"ఛాయకు ఓట్లేస్తరా వదినె, ఏం మాట్లాడ్తవ్!" అని నవ్వింది. ఇంకింత తొక్కు వేసుకుని, "వీసీ ఓడగొడితె కొట్లాడుదును. వీళ్లకు నన్ను ఓడగొట్టే హక్కు తెచ్చింది నేనేనాయె. ఏం జెయ్యాలె? మళ్ల అడుగుత" అన్నది.

"నీ హక్కుల మన్నువడ! నీకు కాంట్రాక్టు పోయింది గద, ఇగ వాళ్ల బాధ నీకెందుకే? బీపీ గోళీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నాకు పోయింది గని, ఆ ఏండ్లన్ని యాడికి పోయినయ్?"

ఆమె మళ్లీ అడిగింది. అడిగిన ప్రతిసారీ చీటీలే, ప్రతిసారీ ఓటమే. వాళ్లు ఆమెను పలకరించడం మానేశారు. ఎదురుపడితే ఫోను చూసుకుంటూ పోయేవారట. రిటైరైన రోజు ఆ పెద్దమనుషులు ఒక్కరూ గేటు దాకా రాలేదు. కాంట్రాక్టు పిల్లలే ఇంటిదాకా వచ్చారు. దండ తెస్తే తిడుతుందని కుండీలో మొక్క తెచ్చారు. "గీ కుండి దానికి ఇరుకు" అని ఆమె వాళ్లను దానికీ తిట్టింది.

ఇదీ ఆమెకు వాళ్లు చేసిన మర్యాద. ఇప్పుడు పదో రోజు అయిందో లేదో పెద్ద సారు మా ఇంటికి వచ్చాడు. మండలికి ఇప్పుడు ఆయనే అధ్యక్షుడు. కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, చెక్కల జోలికి పోలేదు.

"మేడం మాకు తల్లి లాంటోళ్లు పెద్దమ్మా."

"ఆమెది మీ ఈడే గద సారూ."

ఆయన మాట మార్చాడు. సంతాప సభలో ఆమెకు విశిష్ట సేవా పురస్కారం ఇస్తున్నామనీ, ఇంటి పెద్దగా నేనే వచ్చి అందుకోవాలనీ చెప్పాడు. "మండలి ఏకగ్రీవంగ తీర్మానం చేసింది. అంటే అందరు ఒప్పుకున్నరన్నట్టు."

"బతికున్నప్పుడు ఒప్పుకోనోళ్లు అందరు ఒక్కపారే ఒప్పుకున్నరా?" అన్నాను. నా కొడుకు నా భుజం మీద చెయ్యి వేశాడు. వస్తాననే చెప్పాను.

ఆ సాయంత్రమే కాంట్రాక్టు పిల్ల ఒకతె వచ్చింది. చరిత్ర చెబుతుంది. మా ఆడబిడ్డ దవాఖానలో ఉన్నన్నాళ్లూ పాలమూరు బస్సెక్కి వచ్చి చూసిపోయిన పిల్ల. నా చేతులు పట్టుకుంది.

"అవ్వా, స్టేజీ మీద మా ముచ్చట తియ్యకు. మా ఆర్డర్లు ఈ నెలనే రావాలె. నువ్వు కోపంల ఏమన్న అంటె మా మీదికొస్తది."

"నేనేమంట బిడ్డా! మైకు జూస్తెనే నాకు సెమటలు. శాలువ కప్పిచ్చుకోని ఒస్త."

నిజంగా అట్లాగే అనుకుని వెళ్లాను. దారి పొడుగునా నా భయాలు నావి. మెట్లు ఎక్కువుంటాయేమో, తల తిరుగుతుందేమో, ఇంటి తాళం సరిగా వేశానో లేదో. హాలు ముందు వరసల్లో రెగ్యులర్ సార్లు, మేడమ్‌లు. కాంట్రాక్టు వాళ్లంతా వెనక. స్టేజీ మీద పెద్దవాళ్లు ముందు మాట్లాడారు. ఆ తరవాత వాళ్లకన్నా కొంచెం తక్కువ పెద్దవాళ్లు. అందరికీ ఆమె తల్లే. వెనకవాళ్ల దాకా మైకు పోనేలేదు.

నన్ను పిలిచి నిలబెట్టారు. పెద్ద సారు శాలువా చేతిలో పట్టుకున్నాడు. పక్కన ఒకాయన సన్మానపత్రం చదవడం మొదలుపెట్టాడు. ఆమె విశ్వవిద్యాలయ సేవలో చేరిన సంవత్సరం చదివాడు. అది ఆమె రెగ్యులర్ అయిన సంవత్సరం.

ముందు నాకు అర్థం కాలేదు. తరవాత లెక్క వేసుకున్నాను. ఆమె వయసంతా పోసిన ఏళ్లు, నేను ఎండాకాలాలు మొక్కుకుంటూ గడిపిన ఏళ్లు, వాళ్ల కాగితంలో లేనే లేవు.

"సారూ, తప్పు రాసిండ్రు. అంతకు ఎంతో ముందుగాలనే చేరింది ఆమె" అన్నాను. మైకు నా నోటి ముందే ఉందని మరిచిపోయాను.

పెద్ద సారు వంగి, మెల్లగా, "అది కాంట్రాక్టు సర్వీసు పెద్దమ్మా. లెక్కలకు రాదు. రూల్ అట్ల ఉన్నది" అన్నాడు.

"రూల్ పెట్టిందెవలు?"

"మండలి."

"మండలంటె ఎవలు?"

ఆయన నవ్వాడు. "మేమే."

"మీరే అయితె మీరే మార్చుండ్రి. ఆమె అడిగిందే నేను అడుగుతున్న. కాంట్రాక్టోళ్లకు మీ మండలిల ఓటిస్తరా, ఇయ్యరా? చీటీలు నాకొద్దు. ఇచ్చెటోళ్లు చేతులెత్తుండ్రి. ఎవలెవలో నేను జూసి పోత. గప్పుడే గీ శాలువ నా మీద ఎయ్యాలె."

అనేశాక చరిత్ర పిల్లకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ముందు వరసల్లో ఒకాయన ఫోను తీశాడు. ఒకామె కొంగు సర్దుకుంది. ఇంకొకాయన చెయ్యి పైకి లేచింది. నా ప్రాణం కూడా లేచింది. ఆయన తల గోక్కుని దించేశాడు.

అప్పుడు వెనక వరసలో చరిత్ర పిల్ల చెయ్యెత్తింది. ఆమె పక్కన ఒక అబ్బాయి. వాడి వెనక ఇంకొకరు. ఆ తరవాత వెనకంతా చేతులే.

పెద్ద సారు మైకు తన వైపు లాక్కున్నాడు. "మీకు ఓటు లేదు. చేతులు దించుండ్రి."

దించండి బిడ్డా, ఆర్డర్లు రావాల్సిన నెల, దించండి అని నేనూ అనాలనుకున్నాను. అనలేదు. ఇది రాసేనాటికి వాళ్ల ఆర్డర్లు రాలేదు. నాకు బువ్వ సహించడం లేదు. రోజూ ఆ పిల్లకు ఫోను చేసి అడుగుతున్నాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ హాలే కనబడుతోంది. పెద్ద సారు విప్పిన శాలువా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, ఎవరికి కప్పాలో తెలియక. వెనక ఒక్క చెయ్యీ దిగలేదు. చరిత్ర పిల్ల చేతి గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.