అత్త రొట్టె మీద నేను కట్టిన పాట

పాట కట్టినవాళ్ళ పేరు తీసెయ్యకూడదట, మాటలు మార్చి పాటను చెడగొట్టకూడదట, అలా చేస్తే కోర్టుకు వెళ్ళవచ్చట. వకీలు చదువు చదివిన మా మనవడు ఇదేదో కొత్త వింతలా చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఒరే నాయనా, ఈ తగువు జహీరాబాద్‌లో మా వాడకట్టు ఆడవాళ్ళు నలభైల్లోనే, నిజాం రాజ్యంలోనే తేల్చేశారు. అదీ రోకళ్ళు పట్టుకొని.

అప్పటికి నేను ఝరాసంగం నుంచి కోడలిగా వచ్చి ఏడాది. మా అత్త మంచిదే కానీ, ఆమె చేసే జొన్నరొట్టె మాత్రం, అబ్బో! నాకేమో కడుపులో మాట దాగదు. ఎదురుగా అనే ధైర్యం లేదు. అందుకని ఆమె చేనికి బయలుదేరగానే ఇసుర్రాయి ముందు కూర్చొని పాట కట్టాను.

"అత్తమ్మ రొట్టె దరువెయ్యొచ్చు
కొరికి చూస్తే పన్నూడొచ్చు"

ఇలా ఎనిమిది చరణాలు. మా ఆడవాళ్ళు ఏ పాట కట్టినా చివర తమ పుట్టింటి ఊరు చెప్పుకునేవారు. ఎవరి పాటో తెలియడానికి అదే గుర్తు. నేనూ "ఝరాసంగం బిడ్డ కట్టిన పాట" అని ముగించాను. గోడ అవతలి ఇంటి కోడలు చెవులు నిక్కించి విన్నది. నెల తిరిగేసరికి పాట వాడంతా పాకింది. అత్త చెవిన ఎక్కడ పడుతుందోనని నాకు ఒకటే గుబులు. లోలోపల మాత్రం గొప్పగానే ఉండేది.

ఇంతలో వీధి చివరి ఇంట్లో పెళ్ళి వచ్చింది. పసుపు దంచడానికి పొద్దున్నే ఆడవాళ్ళమంతా చేరాం. బట్టల దుకాణం షావుకారమ్మది మంచి గొంతు, ఎక్కడైనా పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ రోజు ఎత్తుకున్నది నా పాట! కానీ అందులో అత్త రొట్టె వెన్నముద్దట, తింటే పుణ్యమట. ఎనిమిది చరణాలకూ చక్కెర పూసేసింది. చివర ఝరాసంగం పోయి, ఆవిడ పుట్టిన న్యాల్‌కల్ వచ్చి కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరుద్దామంటే పక్కనే మా అత్త రోకలి వేస్తోంది. పాట నాదని అంటే అసలు పాట పాడి చూపించాలి, పాడితే రొట్టె సంగతి బయటపడుతుంది. ఊరుకుంటే నా పాట నాది కాకుండా పోతుంది. ఏడుపు దిగమింగుకొని రోలు పగిలేలా దంచాను.

అప్పుడు అత్త రోకలి ఆపింది.

"జర ఆగమ్మా. గా పాట మా కోడలు కట్టింది. నా రొట్టె గట్టిగుంటదనే కట్టింది. వెన్న గిన్న అందుల లేదు."

అందరి రోకళ్ళూ ఆగిపోయాయి. పెద్దదాన్ని తిట్టడం బాగుండదని మర్యాద కోసం మార్చానంది షావుకారమ్మ.

"తిట్టు నాది, పాట దానిది. నడుమల నీకేం ఫికర్?" అని, అత్త నా వైపు తిరిగి పాడమంది.

కళ్ళు నేలకు దించి మొదలుపెట్టాను. రెండో చరణానికల్లా ఆడవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. పన్నూడే చోట అత్తే రోకలితో గట్టిగా దరువేసింది. ఝరాసంగం బిడ్డనని చివర పాడుతుంటే నాకు నవ్వు, కన్నీళ్ళు కలిసి వచ్చాయి. షావుకారమ్మ కాసేపు మూతి ముడుచుకుంది గానీ, ఆఖరి చరణానికి తనూ వంత పాడింది. ఎంతైనా పాట తెలిసిన మనిషి.

తిరుగుదారిలో అత్త ముందు, నేను వెనక నడిచాం. ఇంటికి పోయాక ఉంటుంది నా పని అనుకున్నాను. అత్త అరుగు దగ్గర ఆగి, చేనికి పోయేముందు తను రోజూ గోడ పక్కన నిలబడి నా పాట వినేదని చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నా మీద ఇంకేమన్న కట్టినవా?" అని అడిగింది.

ఇంకో మూడు కట్టానని ఒప్పుకున్నాను.

అత్త అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది.

"మూడూ పాడు. ఆఖర్ల మీ ఊరి పేరు మాత్రం మింగకు."