అత్తమ్మ పెట్టిన పథ్యం

నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది తొంభైల్లో. ఆ జబ్బు పేరు గట్టిగా పలకడానికే జనం భయపడే రోజులు. అయినా యూనివర్సిటీ క్యాంపస్‌లోని మా క్వార్టర్‌కు చూడవచ్చిన వాళ్లంతా డాక్టర్లైపోయారు. వంకాయ మానమని ఒకరు, పెరుగు ముట్టొద్దని ఒకరు. పక్కింటావిడైతే కుండీలో గోధుమగడ్డి పెంచి రోజూ రసం తీసి పంపేది. నేను మాత్రం చచ్చే మనిషిని కానని గట్టిగా నమ్మాను. పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద నడిచేదాన్ని. ఎదురొచ్చినవాళ్లు జాలిగా చూస్తే, నేనే ముందు పలకరించి వాళ్ల షుగర్ సంగతి అడిగేదాన్ని.

మా అత్తమ్మ నాకు బాలింతకు పెట్టినట్టు పథ్యం మొదలుపెట్టింది. బీరకాయ, మిరియాల చారు, అంతే. గుడ్డు, మాంసం ఊసే లేదు.

మొదటి కీమో సూది మందు పడ్డాక దవాఖానలో డాక్టరు రక్తపరీక్ష చూసి తల అడ్డంగా ఊపాడు. ఇట్లా చిక్కిపోతే రెండో సూది ఆపాల్సి వస్తుందన్నాడు. మందు ఆగితే జబ్బు ఆగదని నాకు తెలుసు. గుడ్లు, మాంసం బాగా ఉడికించి పెట్టమని అత్తమ్మకే చెప్పాడు.

ఇంటికొచ్చాక మళ్లీ బీరకాయే వడ్డించింది. నాకు ఒళ్లు మండింది.

"నన్ను రోగం కాదు అత్తమ్మా, నీ పథ్యం చంపుతది" అన్నాను కంచం జరిపేసి.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ మామ అడిగిండని యాట మాంసం కూర పెట్టిన. తెల్లారి లేవలే. ఇంట్ల అందరు నన్నే అన్నరు. మళ్ల నా చేతులతోని పెట్టుమంటవా?"

మామ పోయింది గుండె ఆగి, కూర వల్ల కాదు. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కరూ ఆమెను కూర్చోబెట్టి చెప్పలేదు. నేను చెప్పాను. చెప్పులేసుకుని తార్నాక బజారుకు వెళ్లి, మాంసం తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను.

"నువ్వు వండితేనే తింట."

వండింది. తిన్నంతసేపూ నా ముఖమే చూసింది. తెల్లారి కళ్లు తెరిచేసరికి నా మంచం పక్కనే కూర్చుని ఉంది. "లేసినవా బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆకలైతున్నదన్నాను.

రెండో సూది అనుకున్న రోజునే పడింది. బాగా పుంజుకున్నావు, ఎవరు వండి పెడుతున్నారని డాక్టరు నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకొచ్చింది.

"నేనే సార్, నా చేతులతోని."