మిగతావన్నీ మారకుండా ఉంటే

పోయిన మంగళవారం వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. బల్ల దగ్గర మా మరిది మనవరాలు లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠం వింటోంది. యూనివర్సిటీలో మొదటి ఏడు, స్థూల అర్థశాస్త్రం. పాఠం చెప్పేవాడు ఉన్నట్టుండి, "మిగతావన్నీ మారకుండా ఉంటే, వడ్డీ రేటు పెరిగినప్పుడు..." అన్నాడు. అన్నది ఇంగ్లీషులోనే, కానీ నాకు వినిపించింది మాత్రం 1994లో నా పుస్తకం అంచున నేను తెలుగులో రాసుకున్న మాట. గుడి బడిలో నేర్చిన తెలుగు మరిచిపోకూడదని, అర్థంకానివన్నీ అప్పట్లో తెలుగులో రాసుకునేదాన్ని. ఆ పుస్తకంలో తెలుగే ఎక్కువ.

ఆ ఏడాది నాకు నలభై మూడు. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు ఆఫీసులో జీతాల లెక్కలు చూసేదాన్ని. ఒక్క సెంటు తేడా వచ్చినా, అది దొరికేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. రేపు రాబోయే దేశంలో డిగ్రీ లేనివాళ్ళని ఎవరూ పలకరించరని మా ఆయన బెదిరిస్తే, ఫిబ్రవరిలో సాయంత్రం అర్థశాస్త్రం క్లాసుల్లో చేరాను. లెక్కలే కదా అనుకున్నాను. తీరా చూస్తే అక్కడ అంకెలు తక్కువ, గీతలు ఎక్కువ. పాఠం చెప్పే కుర్రాడు ప్రతి వాక్యం ముందూ ఆ మాట అనేవాడు. రెండో వారం ఉండబట్టలేక చెయ్యెత్తాను. "మిగతావన్నీ అంటే ఏవి సార్?" అతను, "అన్నీ, మేడమ్" అన్నాడు. "ఎంతకాలం మారకుండా ఉండాలి?" అన్నాను. "అది పరీక్షలో రాదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బయట జెండా మారుతోంది, పటంలో రాష్ట్రాల పేర్లు మారుతున్నాయి, రేడియో పెడితే ఎక్కడో కాల్పులు. తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటు వేసే ఎన్నికలు ఏప్రిల్‌లో సజావుగా జరుగుతాయో లేదో ఎవరికీ తెలియదు. నేను మాత్రం స్కేలు పట్టుకుని, ఏదీ మారని దేశానికి గీతలు గీస్తున్నాను.

ఈస్టర్ సెలవులకి మరిది ఎస్ట్‌కోర్ట్ నుంచి సిడెన్‌హామ్‌లోని మా ఇంటికి వచ్చాడు. కారు డిక్కీ నిండా చేపల డబ్బాలు, కొవ్వొత్తులు. ఎన్నికల్లో గొడవలవుతాయన్న భయంతో అప్పుడు ఊరంతా అవే కొని దాచుకుంటోంది. ఎస్ట్‌కోర్ట్‌లో మా మామగారు పెట్టిన కొట్టు అతనిదే. ఎన్నికలకి ముందే కొనేస్తానని పక్క వీధి వర్తకుడొకడు అడిగాడట. ధర తక్కువే, కానీ గొడవలు జరిగితే ఆ మాత్రం కూడా రాదు.

"వదినా, సోమవారం జవాబు చెప్పాలి. అమ్మెయ్యమంటావా, ఆగమంటావా?"

"మీ అన్నయ్యని అడుగు."

"అన్నయ్యని ఏదడిగినా క్రికెట్ దగ్గరికే తీసుకెళ్తాడు. దేశం లెక్కలు చదువుతున్నది నువ్వే కదా!"

నేను రోటీలు ఒత్తుతున్నాను. పీట మీది పిండిలోనే వేలితో రెండు గీతలు గీసి, పెట్టుబడులు ఇటు, ధరలు అటు అని మొదలుపెట్టాను. మా అత్తమ్మ వంగి చూసింది.

"ఆ గీతల్లో మన కొట్టు ఎక్కడున్నాదే?"

"కొట్టు ఉండదత్తమ్మా, దేశం మొత్తం ఉంటుంది."

"అయితే దేశంలో మన కొట్టు లేదేటి? ఐష్, ఏటి సదువే ఇది! ముందు ఆ రోటీ సూడు, మాడిపోతన్నాది."

మరిది ఇంకా నా మొహమే చూస్తున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి. ఆ కొట్టు వెనక గదిలోనే పుట్టినవాడు. నాకేం తెలుసు? పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "మిగతావన్నీ మారకుండా ఉంటే, ఆగడమే మంచిది." అతను చివరి ముక్కే విన్నాడు. సోమవారం ఆ వర్తకుడికి కుదరదని చెప్పేశాడు.

ఎన్నికలు ప్రశాంతంగా జరిగాయి. అత్తమ్మని వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఓటు వేయించాం. ఆ చేపల డబ్బాలు దీపావళి దాటినా తరగలేదు. జూన్ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి, అర్థం మాత్రం కాలేదు. కొట్టు కొన్నేళ్ళు బాగా నడిచింది. ఏ పెళ్ళిలో కనబడినా మరిది నలుగురిలో, "వదిన చెప్పబట్టే ఆగాను" అనేవాడు. తరవాత ఊరి చివర పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చింది. కొట్టు చిక్కిపోయి, చివరికి కొనేవాడు లేక మూతపడింది. మరిది మా వీధిలోకే మకాం మార్చి, సాయంత్రాలు మా వరండాలో కూర్చుని టీ తాగుతూ, "వదిన చెప్పబట్టే ఆగాను" అనేవాడు. అదే మాట, అదే నవ్వు. మెచ్చుకుంటున్నాడో దెప్పుతున్నాడో అతను పోయాక కూడా నాకు తెలియలేదు.

ఆ లెక్క ఎన్నిసార్లు వేశానో! మంచి ఏళ్ళ దగ్గర ఆపి కూడితే నేను చెప్పింది ఒప్పు. మూసిన రోజు దగ్గర ఆపితే తప్పు. ఆగబట్టే అతని చిన్నకొడుకు ఆ కొట్లో కూర్చున్నాడు. రోజూ బ్రెడ్డు కొనడానికి వచ్చిన టీచరమ్మనే పెళ్ళాడాడు. వాళ్ళ పిల్లే ఇప్పుడు నా బల్ల దగ్గర పెన్సిల్ కొరుకుతున్నది.

పాఠం ఆపి, "మిగతావన్నీ అంటే ఏవి అవ్వా?" అంది.

గిన్నెలో చింతపండు మళ్ళీ పిసికాను. కూడిక కింద గీత గీయడం నాకు బాగానే వచ్చు. ఎక్కడ గీయాలో చూసుకునేంతసేపు మాత్రం కాలం ఎప్పుడూ ఆగలేదు.