గొర్రెల దుమ్ము

జమ్మలమడుగులో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. ఎన్నికల ముందు రెండు పార్టీల కరపత్రాలూ నా దగ్గరే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేసిన రెండు నిమిషాలకే, మితిమీరి వేడెక్కిందని తెర మీద చూపించి దానికదే ఆగిపోయేది. ఏ ఒక్కరి పని ఆగినా, అవతలివాళ్ళకు అమ్ముడుపోయానంటారు. దాని సీపీయూ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను.

పక్క సీట్లో, భుజాన గొంగడితో ఉన్న పెద్దాయన "ఏందప్పా అది?" అన్నాడు. చెప్పాను.

"నడిచేటప్పుడు చెయ్యి పెట్టి సూసినావా?"

"సూసినా మామా. సల్లగానే ఉంటాది. లోపల వేడి కనిపెట్టే సెన్సారుంటాది, అదే కాలిపోతాందంటాది."

ఆయన నవ్వాడు. "మా ఊర్లో గూడా కక్షలప్పుడు మిద్దె మీద ఒకన్ని కాపలా పెట్టింటిమి. దుమ్ము లేస్తే సాలు, అవతలోళ్ళ జీపులొస్తాండాయని అరుస్తాండె. ఊరంతా తలుపులేసుకుంటాండె. ఒకనాడు నేను గొర్రెలు తోలుకోనొస్తే నా ఇంట్లోనే తలుపు తీయల్యా. వాడు సూసింది నా గొర్రెల దుమ్మప్పా."

"మరేం చేసినారు?"

"ఊరిని మారుస్తామా? వాన్ని దించేస్తిమి."

ప్రొద్దుటూరులో మెకానిక్ పెట్టె విప్పకముందే బోర్డు మార్చాలన్నాడు. ముందు వేరే థర్మామీటర్‌తో చూడమన్నాను. లోపల వేడి మామూలుగానే ఉంది. సెన్సార్ ఒక్కటే మార్చాడు. రెండు పార్టీల కరపత్రాలూ చెప్పిన రోజుకే అందాయి.

ఆ రోజు పెద్దాయన బస్సు దిగబోతుంటే, ఇప్పుడు మిద్దె మీద కాపలా ఎవరని అడిగాను.

"ఎవురూ లేరప్పా. ఇప్పుడు దుమ్ము లేస్తే, మా ఆడోళ్ళు గొర్రెలకు తొట్లో నీళ్ళు పోస్తాండారు."