సందు మొగలో రెండు స్తంభాలు

కస్మురికి చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మా సురబాయా నగరంలో బజారు పక్కన గొడుగు కింద కూచుని తాళంచెవులు చేస్తాడు. పాత బైకుకి వెనక రెండు చక్రాలు పెట్టించి, దగ్గరుండి తయారుచేయించుకున్న బండి అతనిది. దాని మీదున్నంతసేపూ మనుషుల మొహాల్లోకి చూసి మాట్లాడతాడు. దిగాడంటే వాళ్ల మోకాళ్లతో మాట్లాడాల్సిందే.

మా సందులో వరసగా నాలుగు బైకులు పోయాయి. వీధి పెద్ద హర్జోనో మీటింగు పెట్టాడు.

"సందు మొగలో రెండు స్తంభాలు పాతేద్దాం. మధ్యలో రెండున్నర అడుగులే. దొంగ వెధవ రయ్యిమని ఎలా పోతాడో చూద్దాం!"

అందరూ భేష్ అన్నారు. కస్మురి బండి వెడల్పు మూడున్నర అడుగులు. ఆ సంగతి అక్కడ తెలియని మొహం ఒక్కటి లేదు. మా జావా వాళ్లకో మాయదారి జబ్బు ఉంది. పదిమందీ సరే అన్నచోట కాదనాలంటే మొహమాటంతో ప్రాణం పోతుంది. వాళ్లకే గుర్తొస్తుందిలే అనుకున్నాడు కస్మురి, పిచ్చి మారాజు. అందరితోపాటు తీర్మానం కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఇంటికొచ్చాక భార్య లస్మి దులిపేసింది. "బెల్లం కొట్టిన రాయిలా కూచున్నావేమయ్యా? రేపట్నుంచి ఎగిరొస్తావా?"

ఎగరలేదు, పాకాడు. బండి సందు బయట వదిలి, చేతులకి రబ్బరు చెప్పులు తొడుక్కుని, సందు చివర తన ఇంటిదాకా రెండొందల అడుగులు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. వానాకాలంలో అయితే గడ్డం దాకా బురదే. అరుగుల మీద కాఫీ తాగేవాళ్లు "పాపం" అనేవాళ్లు. పాపం అనడానికి ఖర్చేముంది గనక!

మూడోనాడే అడిగాడు. "హర్జోనోగారూ, ఒక్క స్తంభం కాస్త పక్కకి జరిపితే..."

"అయ్యో కస్మురీ, ముందే చెప్పాలి కదయ్యా! ఇదిగో, నువ్వూ సంతకం పెట్టావే!" అన్నాడు హర్జోనో, వెన్న రాసినంత మెత్తగా.

నగర కార్యాలయానికి వెళ్లాడు. గుమస్తా రూల్సు పుస్తకం తిరగేసి వేలు పెట్టి చూపించాడు. "ఇళ్ల మధ్య సందుకి మొగలో నాలుగడుగులు వదిలి తీరాలి. తప్పు వాళ్లదే." కస్మురికి ఏడుపొచ్చినంత సంతోషమేసింది. "అర్జీ పెట్టుకో. కింద మీ వీధి పెద్ద సంతకం ఉండాలి," అన్నాడు గుమస్తా.

"పెడతాలేవయ్యా, తొందరేముంది," అంటూ హర్జోనో ఐదు నెలలు గడిపేశాడు.

ఆరో నెలలో ఓ మిట్టమధ్యాహ్నం కస్మురి ఇంట్లో అన్నం తింటుంటే, బయట పెట్టిన బండిని ఎవడో ఎత్తుకుపోయాడు. "తాళాలవాడి తాళమే పగలగొట్టారురోయ్!" అని కాఫీ కొట్టు దగ్గర పడీపడీ నవ్వారు. నవ్వినవాళ్లలో అతని చేత తాళంచెవి చేయించుకోనివాడు లేడు. సిగ్గులేని జనం!

మళ్లీ మీటింగు జరిగింది. లస్మి మొగుణ్ణి వీపున మోసుకొచ్చి చాప మీద కూచోబెట్టింది.

"స్తంభాలు పెట్టాక మన సందులో ఒక్క దొంగతనం లేదు!" అన్నాడు హర్జోనో. చప్పట్లు మోగాయి.

"నా బండి పోయింది కదండీ," అన్నాడు కస్మురి.

"అది సందు బయట పోయిందయ్యా. మన లెక్కలోకి రాదు."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కస్మురి గొంతు చించుకుని అరిచాడు. "లోపలికి రానిస్తే పోయేదా? నాలుగడుగులు వదలాలని రూల్సులో రాసుంది! నా కళ్లతో చూశాను! ఆ స్తంభం జరపండి!"

హర్జోనో వచ్చి పక్కనే కూచుని, అతని భుజం మీద చెయ్యేశాడు. కోపం తెచ్చుకోలేదు సరికదా, నిజంగానే అర్థంకానట్టు అడిగాడు.

"జరపొచ్చయ్యా, జరపకేం? కానీ ఇప్పుడు నీకు బండే లేదుగా. దేనికి జరపడం?"

"నిజమే కదా," అన్నారు అందరూ.