నాపబండల మీద మా అక్క మాటలు

మా గ్రంథాలయంలో ఈమధ్య కొత్తగా నాపబండలు పరిచారు. అక్కడి తెలుగు పుస్తకాలన్నీ ముగించి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువాటి మీద పడ్డవాణ్ణి కనుక ఆ గదిలో నాకు కాస్త చనువుంది. మొన్న పత్రిక కోసం పోతూ ఒక బండ తొక్కబోయి పక్కకు జరిగాను. గుమాస్తా నవ్వాడు. చిన్నప్పుడు మా బళ్లో బండలు తొక్కకూడదు. వాటిమీద మా అక్క మాటలుండేవి.

అక్కంటే పెద్దమ్మ కూతురు. డోన్ దాపున మా పల్లెలో, దొరల ఏలుబడి రోజుల్లో, చర్చే బడి. అక్కకు బుద్ధి చురుకు, నోరు మాత్రం పెగలదు. చేతులు వణకడంవల్ల పలక మీద రాయలేదు. అందుకని అయ్యవారు జాజుతో, అంటే ఎర్రమన్నుతో, బండకొక బొమ్మ గీశాడు: కుండ, సంగటి ముద్ద, ఎండ, మబ్బు, చెరువు. అక్క పాకుతూ పోయి, చెప్పదలచినదాని మీద అరచెయ్యి ఆనించేది. ఆనించేదాకా ఎవరూ నోరు తెరవకూడదని ఆయన కట్టడి. మాకది బెత్తం దెబ్బలకంటే కష్టంగా ఉండేది.

ఒక ఏడు బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. పాఠం ఒప్పజెప్పలేని పిల్ల పేరు బడిలో ఉంచడం కుదరదని ముందే కబురు పంపాడు. పెద్దమ్మకు భయం పట్టుకుంది. పెద్దమనిషి వస్తున్నాడంటే మా ఇళ్లలో మొదట చేసే పని నేల కడగడం. పగలంతా కూలికి పోయే ఆమె అక్క చదువు ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే చర్చికి వచ్చి బండలన్నీ అద్దంలా రుద్దేసింది.

"పిల్లోళ్లు జాజు పూసి గలీజు చేసినారు అయ్యవారూ. నేనే కడిగేసినా."

అయ్యవారు బొమ్మలు పోయిన నేలకేసి చూసి, "శానా బాగా కడిగినావులే అమ్మా," అన్నాడు.

వాన ఎట్లా కురుస్తుందని ఇన్‌స్పెక్టరు అక్కను అడిగాడు. అక్క ఉత్త బండల మీదే పాకి, ఒకచోట చెయ్యి ఆనించింది. "చెరువు!" అని మేమంతా అరిచాం. ఇంకోచోట ఆనించింది. "ఎండ!" మూడోచోట, "మబ్బు!"

"చెప్పేది ఈ పిల్లా, మీరా?" అంటూ ఆయన మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపు వేయించాడు. కాసేపటికి మాలో అందరికంటే చిన్నదైన మా చెల్లెల్ని లోపలికి పిలిచి, అక్క చెయ్యి ఉన్న బండ చూపించాడు. మేం, పెద్దమ్మ తలుపు సందులోంచి చూస్తున్నాం.

"కుండ సార్."

"కుండేమిటి? నేనడిగింది వాన సంగతి!"

"మీరేమడిగితే ఏంది సార్, అక్కకు దప్పికైతాండాది. ముందు నీళ్లియ్యండి."

ఆయన లేచి, తనకని పెట్టిన చెంబు తనే అక్క నోటికి అందించాడు. సగం పరికిణీ మీద ఒలికినా అక్క చెంబు ఖాళీ చేసింది. "పేరు ఉండనివ్వండి," అన్నాడు అయ్యవారితో.

ఆయన బండి కదిలాక పెద్దమ్మ లోపలికొచ్చి అక్క పక్కన కూలబడింది. "యాడ ఏముండాదో నాకూ చూపీ తల్లీ," అంది. అక్క పాకడం మొదలుపెట్టింది. వెనకాలే మోకాళ్ల మీద పెద్దమ్మ. కూతురు పుట్టిననాటినుంచి దాని ఆకలీ దప్పికా ఊహించుకుంటూ వచ్చిన మనిషి ఆమె. ఆ తల్లీకూతుళ్లు మాట్లాడుకునే కాలం ఆ మధ్యాహ్నం నుంచే మొదలైందని నాకిప్పుడు అనిపిస్తుంది.